నిడదవోలు దోమలూ, ఢిల్లీ రహస్యమూ

రాజమహేంద్రవరంలో రైలెక్కి గోదావరి వంతెన దాటితే కొవ్వూరు, పశివేదల, చాగల్లు, ఆ తరువాత నిడదవోలు. అరగంటో, ముప్పావుగంటో ప్రయాణం. మద్రాసు పోయే పెద్దలైను తాడేపల్లిగూడెం వైపు సాగిపోతుంది. తణుకు, అత్తిలి మీదుగా భీమవరం, నరసాపురం పోవలసినవారికి యిక్కడ చీలే లైను వున్నది. అందువల్ల డెల్టావాసులలో నిడదవోలు జంక్షను తెలియని వారు వుండరు. కాని ప్లాట్‌ఫారం దాటి వూరిలోకి అడుగుపెట్టినవారు ఎంతమంది అంటే మాత్రం చెప్పడం కష్టం.

వూరు చిన్నదే గాని చరిత్ర చిన్నది కాదు. ఒకప్పటి పేరు నిరవద్యపురం. చాళుక్యుల కాలంనాటి మాట. కాకతి రుద్రమదేవి భర్త వీరభద్రుడు యిక్కడి చాళుక్య రాకుమారుడే. అంటే ఓరుగల్లు మహారాణికి యిది అత్తవారి వూరన్నమాట! ఊరి చెంత తిమ్మరాజుపాలెంలో కోట సత్తెమ్మ తల్లి కొలువై వున్నది. మొన్నటిదాకా పశ్చిమ గోదావరి జిల్లాలో వున్న యీ వూరు 2022లో జిల్లాలను విడదీసినప్పుడు, గోదావరికి పడమట వుంటూనే, తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. ఊరు మాత్రం అంగుళం కదలలేదు.

దగ్గరలోనే విజ్జేశ్వరం. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దరిమిలా పశ్చిమ డెల్టాకు నీరందించే పెద్ద కాలువ అక్కడే మొదలవుతుంది. కాలువ గట్టున నడిస్తే యిరుప్రక్కలా వరిచేలు, కొబ్బరిచెట్లు, అరటితోటలు. చూస్తున్నంతసేపూ కన్నులకు చల్లన. కాని ప్రొద్దు వాలగానే యీ పచ్చదనమంతా చీకట్లో కలిసిపోయి, దాని బదులు సన్నని సంగీతం మొదలవుతుంది. అవి దోమలు. నీరున్న చోట అన్నమూ వుంటుంది, దోమా వుంటుంది. డెల్టా జీవితమంతా ఆ రెండింటి నడుమనే నడిచింది.

నిజానికి పారే కాలువ నీటిని మనం తప్పుపట్టరాదు. బోదకాలును మోసే దోమకు శుభ్రమైన నీరు గిట్టదు. పెరటి మురుగుగుంట, వీధి కాలువలో నిలిచిన కుళ్లునీరు, మూతలేని మరుగుదొడ్డి తొట్టె - యివే దానికి యిష్టం. నీటిమీద గుడ్లను చిన్న తెప్పలా పేర్చి పెడుతుంది. ఒక్కొక్క తెప్పలో నూటికి పైమాటే. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్యూలెక్స్. మన పెద్దలు బోదకాలుకు నీళ్లు మారడమో, పూర్వజన్మ కర్మమో కారణమనుకొనేవారు. దోమకూ ఫైలేరియా పురుగుకూ వున్న సంబంధాన్ని 1877లో చైనాలోని అమోయ్ పట్టణంలో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు కనిపెట్టాడు. ఆ తరువాత 20 సంవత్సరాలకు, 1897లో, మన సికిందరాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

ఈ వూరిలో నాకు పరిచయమైన ఒక పెద్దాయన వున్నారు. ఎనభై దాటిన మనిషి. ఉద్యోగకాలమంతా ఆరోగ్యశాఖలో గడిపి, అందులో చాలా యేండ్లు ఫైలేరియా పనిలోనే వున్నారు. వీధి అరుగుమీద కూర్చుని కాళ్లమీది దోమలను కండువాతో విసురుకుంటూ ఆయన చెప్పిన సంగతులే యీ వ్యాసానికి మూలం.

"పగలు రక్తం తీస్తే పురుగు కనబడదండి," అన్నారాయన. "పగలంతా అది వూపిరితిత్తుల్లో దాక్కుంటుంది. రాత్రి పది దాటాక, మనిషి నిద్రపోయాక, నెత్తురులో పైకి తేలుతుంది. దోమ కుట్టేదీ అప్పుడే కదండీ! అంచేత మేము కూడా లాంతరు పట్టుకుని దొంగల్లా రాత్రుళ్లే బయలుదేరేవాళ్లం. తలుపు తట్టి, నిద్రలేపి, వేలికి సూది పొడిచి, గాజుపలక మీద చుక్క తీసుకునేవాళ్లం. ఎవరూరుకుంటారండి బాబూ!"

"తిట్టేవారా?"

"తిట్టడం మామూలేనండి. ఒకావిడ మాత్రం తిట్టలేదు. 'నాయనా, మా నెత్తురు ఎక్కడికి తీసుకుపోతున్నారు? ఎవరికి?' అని అడిగింది. రాజమండ్రి తీసుకెళ్తామమ్మా, అక్కడ అద్దంలో చూస్తారు అని చెప్పాను. అంతే, వేలు చాపింది. అడిగినదానికి జవాబు చెబితే జనం వేలిస్తారండి. ఆయ్."

ఆయన చెప్పిన రాజమండ్రి మాట నిజం. 1955లో దేశమంతటా ఫైలేరియా నివారణ పథకం మొదలైన తరువాత, ఆ పని నేర్పడానికి ఏర్పడిన కేంద్రాలలో రాజమహేంద్రవరం ఒకటి. తక్కిన రెండూ కాలికట్టులోనూ, కాశీలోనూ వున్నవి. దానినిబట్టే యీ డెల్టాలో యీ జబ్బు యెంత పాతుకుపోయి వుండేదో పాఠకులు గ్రహించవచ్చును.

దానికి మందు కనిపెట్టడంలోనూ మన డెల్టావాడి చేయి వున్నది. నిడదవోలులో చీలిన రైలు చేరే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు పెద్దగా వున్నప్పుడు, 1947లో, ఆయన బృందం హెట్రజాన్ అనే మందును వెలికితెచ్చింది. అదే నేడు డి.ఇ.సి. మాత్రలుగా మన వీధులకు వస్తున్నది. 2004 నుంచి యీ మాత్రలను వూరూరా అందరిచేతా ఒకేసారి మ్రింగించే పథకం దేశమంతటా నడుస్తున్నది. సుబ్బారావుగారు 1948లోనే కన్నుమూశారు.

ఇంతవరకూ యిది రోగమూ, మందూ కథ. కాని పెద్దాయన మాటలలో మరొక సంగతి దొర్లింది. "డెబ్భై నాలుగులో అనుకుంటానండి, పేపర్లో పడింది. ఢిల్లీ దగ్గర దోమల్ని కోట్లకొద్దీ పెంచి పల్లెల మీద వదులుతున్నారనీ, దాని వెనక అమెరికా వాళ్ల యుద్ధం పని వుందనీ. ఇక చూస్కోండి! మేము దోమల్ని చంపడానికి వెళ్లినా, 'ఇవి మీరు వదిలినవేనా?' అని వేళాకోళం."

వేళాకోళం వెనక వున్న చరిత్ర మాత్రం వేళాకోళం కాదు. దానిని తెలుసుకోవాలంటే కొంతసేపు నిడదవోలు విడిచి దూరదేశాలు పోవాలి.

రోగాన్ని ఆయుధంగా చేసే పని ప్రభుత్వాలు ఎప్పుడూ చాటుగానే చేశాయి. అందరికంటె ఘోరంగా చేసినది జపాను సైన్యం. మంచూరియాలో హర్బిన్ నగరం దగ్గర పింగ్‌ఫాన్ అనేచోట, నీళ్లు శుద్ధిచేసే శాఖ అన్న ముసుగులో, ఇషీ షిరో అనే సైనిక వైద్యుడు 731వ దళాన్ని నడిపాడు. ఖైదీలకు ప్లేగు, కలరా వంటి జబ్బులు ఎక్కించి, వారు బ్రతికి వుండగానే కోసి చూశారు. ఆ ఖైదీలకు అక్కడి వైద్యులు పెట్టిన ముద్దుపేరు "దుంగలు". 1940లో నింగ్బో పట్టణం మీద, 1941లో ఛాంగ్‌డే మీద ప్లేగు పట్టిన గోమార్లను విమానాలనుంచి చల్లారు. యుద్ధం ముగిశాక యీ నేరగాళ్లను ఉరితీసి వుంటారని పాఠకులు అనుకోవచ్చు. అలా జరగలేదు. వారి పరిశోధన ఫలితాలు తమ చేతికి వస్తే చాలునని అమెరికావారు ఇషీనీ, అతని అనుచరులనూ విచారణ లేకుండా విడిచిపెట్టారు. రష్యావారు మాత్రం తమ చేతికి చిక్కిన కొందరిని 1949 డిసెంబరులో ఖబరోవ్‌స్క్‌లో విచారించి శిక్షించారు.

ఇంగ్లీషువారు 1942లో స్కాట్లండు తీరాన గ్రూనార్డ్ అనే చిన్న లంకలో గొర్రెలను కట్టివేసి ఆంథ్రాక్సు బాంబు పేల్చి చూశారు. గొర్రెలు చచ్చాయి, నేల కూడా చచ్చినంత పని అయింది. 1986లో 280 టన్నుల ఫార్మాల్డిహైడును సముద్రపు నీటిలో కలిపి నేలను తడిపిన తరువాత, 1990లోగాని ఆ లంకమీద కాలు పెట్టవచ్చునని ప్రకటించలేకపోయారు. ఒకనాటి ప్రయోగానికి దాదాపు అర్ధ శతాబ్దపు మైల!

అమెరికాలో 1943లో డెట్రిక్ అనే సైనిక శిబిరంలో యీ పని మొదలైంది. మన కథకు కావలసిన కీలకం అక్కడే వున్నది. వారు పెంచిన ఆయుధాలలో దోమ కూడా ఒకటి. ఏడిస్ ఈజిప్టి అనే పచ్చజ్వరపు దోమను లక్షల లెక్కన పెంచి, 1955లో తమ జార్జియా రాష్ట్రంలోనే విమానాలనుంచి వదలి, అది ఎంతదూరం పోతుందో, మనుషులను వెతికి కుడుతుందో లేదో పరీక్షించారు. ఆ దోమలలో రోగం లేదు. కాని పరీక్ష దేనికోసమో చెప్పనక్కరలేదు. ఆ సంగతి అక్కడి జనానికి తెలిసింది చాలా సంవత్సరాల తరువాత. 1969 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ యీ ఆయుధాలను తాము విడిచిపెడుతున్నామని ప్రకటించాడు. 1972లో అంతర్జాతీయ ఒడంబడిక సిద్ధమయింది. మన దేశం దానిని 1974లో ఖాయపరచింది. 1975 మార్చిలో అది అమలులోకి వచ్చింది. సంతకం చేసిన రష్యావారు మాత్రం లోపాయికారీగా పని సాగిస్తూనే వచ్చారు. 1979లో స్వెర్డ్‌లోవ్‌స్క్ నగరంలో సైనిక కర్మాగారంనుంచి ఆంథ్రాక్సు గాలిలోకి జారి అరవై మందికి పైగా మరణిస్తే, చెడిన మాంసం తిని చనిపోయారని బొంకారు. నిజం 1992లో వారి అధ్యక్షుడు ఎల్త్‌సిన్ నోటనే బయటపడింది.

ఇప్పుడు ఢిల్లీకి వద్దాము. 1969లో మన వైద్య పరిశోధనా మండలికీ, ప్రపంచ ఆరోగ్య సంస్థకూ ఒక ఒప్పందం కుదిరింది. దోమలను మందు కొట్టి చంపడం కాక, వాటి సంతానాన్నే అరికట్టే ఉపాయం కనిపెట్టాలని ఉద్దేశం. ఆలోచన చాలా తెలివైనది. మగదోమ కుట్టదు. గొడ్డువైన మగదోమలను లక్షలకొద్దీ పెంచి వదిలితే, ఆడదోమలు వాటితో జతకూడి పెట్టిన గుడ్లు పొదగవు. తరం తరానికీ దోమలు తగ్గిపోతాయి. ఇది కలగాదు. మన గోదావరి జిల్లాలవారు ఒకప్పుడు కూలికీ నాలికీ ఓడలెక్కిపోయిన రంగంలోనే, ఆ నగరం చెంత ఓక్పో అనే పల్లెలో, 1967లో లావెన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు తక్కువ కాలంలోనే యీ పద్ధతిన బోదకాలు దోమను తుడిచిపెట్టి చూపించాడు. అక్కడ చెల్లిన ఉపాయం నిడదవోలులో ఎందుకు చెల్లదు?

ఢిల్లీ పొలిమేర పల్లెలలో క్యూలెక్స్ దోమలమీద పని మొదలయింది. ఖర్చు అమెరికా ప్రజారోగ్యశాఖది. పి.ఎల్. 480 కింద ఆ దేశపు గోధుమలకు మనం చెల్లించిన రూపాయలు యిక్కడే నిలవ వుండేవి గనుక, ఆ డబ్బే యిచ్చారు. అంతవరకూ బాగానే వున్నది. కాని ఆ సంస్థ క్యూలెక్సుతోపాటు ఏడిస్ ఈజిప్టిని కూడా చేపట్టింది. సోనేపత్ పట్టణంలో 1975 మొదట్లో వాటిని వదలాలని పెద్ద యెత్తున సిద్ధం చేశారు.

1974లో పత్రికలలో ప్రశ్నలు లేచాయి. పచ్చజ్వరం మన దేశంలో లేనే లేదు. కాని ఆ రోగాన్ని మోసే దోమ వున్నది, దానికి లొంగే జనం వున్నారు. ఒక్కసారి ఆ క్రిమి అడుగుపెడితే ఆపడం మనవల్ల కాదు. అందుకే ఆఫ్రికానుంచి వచ్చే ప్రయాణికులను మన ప్రభుత్వం టీకా కాగితం లేనిదే రానివ్వదు. అటువంటప్పుడు ఆ దోమ యెంతదూరం ఎగురుతుందో, ఎక్కడ ఎక్కువగా వుంటుందో, ఎట్లా పెంచి వదలవచ్చునో తెలిపే లెక్కలు ఎవరికి పనికివస్తాయి? రోగాన్ని ఆపేవాడికీ, రోగాన్ని తెచ్చేవాడికీ కావలసిన లెక్కలు ఒక్కటే కదా! దోమలను గొడ్డువిగా చేయడానికి వాడిన థయోటెపా అనే మందు గురించి కూడా పల్లెల క్షేమం కోరి ప్రశ్నించారు. అదే సమయంలో అమెరికా సైన్యపు నిధులతో బొంబాయి పక్షి శాస్త్రజ్ఞులు పక్షుల కాళ్లకు ఉంగరాలు తొడిగిన సంగతి కూడా బయటికి వచ్చి, వలసపక్షులు మోసే రోగాలమీద ఆ సైన్యానికి ఎందుకంత ఆసక్తి అన్న మాట పుట్టింది.

వ్యవహారం పార్లమెంటుకు పోయింది. ప్రజాపద్దుల కమిటీ 1975 ఏప్రిల్‌లో విదేశీ సహకార పరిశోధనలమీద పెద్ద నివేదిక సమర్పించింది. ఈ పని వల్ల మనకంటె పరాయివారికే ఎక్కువ లాభమన్న అనుమానం వెలిబుచ్చి, ఒప్పందాన్ని తగినంతగా పరిశీలించకుండా ఒప్పుకున్నారని అధికారులను మందలించింది. సోనేపత్ ప్రయోగం ఆఖరి ఘడియలో ఆగిపోయింది. సంస్థ మూతబడింది. శాస్త్రలోకంలో పేరున్న నేచర్ పత్రిక ఆ సంవత్సరమే ఢిల్లీనీ, జెనీవానూ రెండింటినీ నిలదీస్తూ రాసింది.

ఆ సంస్థలో రోగాయుధం తయారయిందని రుజువు చేసే కాగితం ఏదీ నేటివరకు బయటికి రాలేదు. అక్కడ పనిచేసినవారిలో చాలామంది దోమల పీడ వదిలించాలన్న తపనతో వచ్చినవారే. అయినా అడిగినవారిని పిచ్చివారనడానికి వీలులేదు. ఆ దోమనే ఆయుధంగా పెంచిన దేశంనుంచి ఆ దోమకే డబ్బు వచ్చింది. నిక్సన్ మాట యిచ్చి అప్పటికి అయిదేండ్లు. తరువాత బయటపడిన రహస్యాలను చూస్తే అనుమానానికి బలమే చేకూరుతుంది గాని తగ్గదు.

నష్టం ఎవరికి? డెట్రిక్ వారికి కాదు, పింగ్‌ఫాన్ వారికి కాదు. నష్టపోయినది దోమ కుడుతున్నవాడు. సోనేపత్ పరీక్ష జరిగివుంటే ఆ పద్ధతి పనికివచ్చేదో లేదో తెలిసేది; తెలియకుండానే పోయింది. 1996లో ఢిల్లీలో అదే ఏడిస్ దోమ డెంగీ తెచ్చి పదివేల పైచిలుకు మందిని మంచాన పడవేసి, నాలుగువందల పైగా ప్రాణాలు తీసింది. 2005-06లో చికున్‌గున్యా మన ఆంధ్రదేశంలో యింటింటా కీళ్లు పట్టించింది. ఆనాటి ప్రయోగం యివన్నీ ఆపివుండేదని ఎవరూ చెప్పలేరు. చూసే అవకాశం పోయిందన్నది మాత్రం నిజం. దూరదేశాలలో మూసిన గదులలో జరిగిన పని, మన వీధిలో తెరచిన తలుపులతో జరగవలసిన పనిమీద కూడా నీడ వేసింది.

కథ అక్కడితో ముగియలేదు. 1975లోనే పుదుచ్చేరిలో దోమల నివారణకు మన వైద్య పరిశోధనా మండలి సొంత కేంద్రం నెలకొల్పింది. ఓక్పో పల్లెలో గుడ్లను పొదగనీయకుండా చేసినది దోమ లోపల కాపురముండే వోల్బాకియా అనే సూక్ష్మజీవి అని తరువాత తేలింది. ఆ సూక్ష్మజీవిని ఎక్కించిన ఏడిస్ దోమలను తాము సిద్ధం చేశామని పుదుచ్చేరి కేంద్రం 2022లో ప్రకటించింది. ఆ దోమలలో డెంగీ క్రిమి సరిగా పెరగదు. అంటే దోమలను ఊరిమీద వదలవలసిన రోజు మళ్లీ రావచ్చును. ఈసారి డబ్బు మనది, శాస్త్రజ్ఞులు మనవారు. అంతమాత్రాన ప్రశ్నలు అక్కరలేదనుకోరాదు.

ఈ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన కండువా భుజాన వేసుకుని కాసేపు వీధి కాలువ వైపు చూశారు.

"వదలమనండి బాబూ. మంచిదైతే ఎవరు కాదంటారు? కాని వదిలేముందు పంచాయితీ దగ్గర నిలబడి, ఏ దోమ, ఎన్ని, ఎందుకు, డబ్బెవరిది, పుస్తకంలో రాసుకున్న లెక్క ఎవరికి పంపుతారు - ఇవన్నీ తెలుగులో చెప్పమనండి. ఆడవాళ్లు కూడా వుండాలండి అక్కడ. వాళ్లే అసలు ప్రశ్నలడుగుతారు. నాకు తెలుసు."

ఇంతలో లోపలినుంచి ఆయన కోడలు వచ్చి, దోమతెర కట్టాను, భోజనానికి లేవండి మామయ్యగారూ అని పిలిచింది. వీధి కాలువలో నీళ్లు మాత్రం అట్లాగే నిలిచి వున్నాయి. వాటిని పారించడానికి ఏ దేశపు డబ్బూ అక్కరలేదు, ఏ రహస్యమూ లేదు. ఆ పని మాత్రం రేపు ప్రొద్దుననే మొదలుపెట్టవచ్చును.